బుల్లెట్ రైలు వస్తే విజయనగరానికి, శ్రీకాకుళానికి ఏమొస్తుంది?

శ్రీకాకుళానికి మొదటిసారి రైల్లో వచ్చినవాళ్లకు దిగగానే ఒక అనుమానం వస్తుంది. బోర్డు మీద 'శ్రీకాకుళం రోడ్' అని ఉంటుంది, చుట్టూ ఉన్న ఊరు మాత్రం ఆమదాలవలస. శ్రీకాకుళం టౌను అక్కడికి 12-13 కిలోమీటర్లు. రైల్వేవాళ్ల భాషలో స్టేషను పేరు చివర 'రోడ్' ఉందంటే ఊరు ఇక్కడ లేదని, ఊరికి పోయే దారి ఇక్కడుందని అర్థం. 1890లలో ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో విజయవాడ నుంచి కటక్ వైపు లైను వేసిన నాటి నిర్ణయానికి జిల్లా జనం ఈనాటికీ ఆటో ఛార్జీ కడుతూనే ఉన్నారు.

ఇప్పుడు మళ్లీ కొత్త లైన్ల మాట వినిపిస్తోంది. ముంబై-అహ్మదాబాద్ బుల్లెట్ రైలు పనులు జరుగుతున్నాయి. హైదరాబాద్ నుంచి చెన్నైకి, బెంగళూరుకు హైస్పీడ్ కారిడార్లంటున్నారు. శంషాబాద్ నుంచి సూర్యాపేట, విజయవాడల మీదుగా విశాఖకు గంటకు 220 కి.మీ. వేగంతో పోయే లైనుకు సర్వే అన్నారు. వార్తల్లో ఉన్న ఈ లైన్లేవీ విశాఖ దాటి ఇవతలికి వచ్చేవి కావు. అయినా టీ కొట్టు దగ్గర కూర్చుంటే ప్రశ్న ఒక్కటే: మన దాకా వస్తే ఏమవుతుంది? విజయనగరం విశాఖలో కలిసిపోయినంత దగ్గరవుతుందని కొందరు, మన ఊరి మీదుగా గాలిలా పోవడం తప్ప మనకు ఒరిగేదేమీ లేదని కొందరు. రెండు మాటల్లోనూ నిజముంది. ఎంత నిజముందో తెలియాలంటే కొన్ని లెక్కలు వేయాలి.

వందే భారత్ హైస్పీడ్ రైలేనా?

ముక్కు కోసుగా ఉన్నంత మాత్రాన హైస్పీడ్ రైలైపోదు. అంతర్జాతీయ రైల్వేల సంఘం లెక్క ప్రకారం, ప్రత్యేకంగా వేసిన కొత్త లైను మీద గంటకు 250 కి.మీ. లేదా అంతకు మించి పోతే హైస్పీడ్. పాత లైన్నే బాగుచేసి 200 దాకా తీసుకెళ్లినా ఆ కోవలోనే వేస్తారు. మన దేశంలో 160 నుంచి 200 మధ్య వేగాన్ని సెమీ హైస్పీడ్ అంటున్నారు.

2024 మార్చిలో మొదలైన భువనేశ్వర్-విశాఖ వందే భారత్ పలాసలో, శ్రీకాకుళం రోడ్‌లో, విజయనగరంలో ఆగుతుంది. 180 కి.మీ. వేగాన్ని తట్టుకునేలా తయారైన బండి అది. 443 కి.మీ. దూరానికి టైంటేబుల్లో దానికిచ్చింది దాదాపు 5 గంటల 45 నిమిషాలు. భాగించి చూస్తే సగటు 77. హైవే మీద కారు వేగమన్నమాట. లోపం బండిలో లేదు, దారిలో ఉంది. అవే పట్టాల మీద బొగ్గు గూడ్సు పోవాలి, హౌరా ఎక్స్‌ప్రెస్సులు పోవాలి, ఊరూరా ఆగే పాసింజరు పోవాలి. సందులో ఎడ్లబండి వెనక పడ్డ కారు పరిస్థితే దానిది.

జపాన్ కొత్త లైను వేసుకోవడానికి అసలు కారణం కూడా ఇదే. టోక్యో-ఒసాకా మధ్య పాత లైను రైళ్లతో కిక్కిరిసిపోయింది. ఇంకో బండి దూరే సందు లేక, 515 కి.మీ. పొడవున వేరే లైను వేసి 1964 అక్టోబరు 1న తెరిచారు. అప్పుడు దాని వేగం 210 కి.మీ. 'షింకాన్‌సెన్' అనే మాటకు అర్థం కొత్త ట్రంకు లైను అని. ఆ పేరులో వేగం ఊసే లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే తర్వాత పనికొస్తుంది.

61 కిలోమీటర్లకు బుల్లెట్ ఎంత లాభం?

విశాఖ నుంచి విజయనగరానికి రైలు దారి 61 కి.మీ. గంటకు 320 కి.మీ. పోయే బండి ఈ దూరాన్ని ఎంతసేపట్లో దాటుతుంది? 61ని 320తో భాగించి పదకొండున్నర నిమిషాలు అనేస్తే తప్పు. బండి ఆ వేగం అందుకోవాలి, మళ్లీ ఆగాలి. వేగం అందుకోవడానికి 5 నిమిషాలు, 13 కి.మీ. పడుతుందనీ, ఆగడానికి 3 నిమిషాలు, 8 కి.మీ. పడుతుందనీ అనుకుందాం. అంటే 21 కి.మీ. వేగం అందుకోవడానికీ ఆగడానికీ పోయింది. మిగిలిన 40 కి.మీ. 320 వేగంతో ఏడున్నర నిమిషాలు. మొత్తం పదిహేనున్నర నిమిషాలు.

అదే దారిలో 160 వేగంతో పోయే బండికి వేగం అందుకోవడానికి, ఆగడానికి కలిపి మూడు నాలుగు కిలోమీటర్లు చాలు. మధ్యలో ఎక్కడా ఆగకపోతే దాదాపు 24 నిమిషాల్లో చేరుతుంది. వేగం రెట్టింపైతే మిగిలింది తొమ్మిది నిమిషాలు కూడా లేదు!

శ్రీకాకుళం రోడ్ దాకా తీసుకుంటే దూరం దాదాపు 130 కి.మీ. ఇదే లెక్కలో బుల్లెట్‌కు దాదాపు ఇరవై ఎనిమిదిన్నర నిమిషాలు, 160 బండికి 50. మిగిలేవి దాదాపు 21 నిమిషాలు. స్టేషను మళ్లీ ఆమదాలవలసలోనే ఉంటే ఆ 21 నిమిషాలూ టౌనుకు పోయే ఆటోలోనే కరిగిపోతాయి.

దూరం పెరిగితే మాత్రం లెక్క తిరగబడుతుంది. విజయనగరం నుంచి సికింద్రాబాద్ దాదాపు 760 కి.మీ. సగటున 80 వేగంతో పోతే తొమ్మిదిన్నర గంటలు. సగటున 220 వస్తే మూడున్నర గంటలు. రాత్రంతా బెర్తు మీద గడిపే ప్రయాణం పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరే ప్రయాణంగా మారుతుంది. హైస్పీడ్ బలమంతా ఇలాంటి దూరాల్లోనే ఉంది. విశాఖకు రోజూ పోయి వచ్చేవాడికి దాని అవసరం తక్కువ, హైదరాబాద్‌కు నెలకోసారి పోయేవాడికి ఎక్కువ. మన దగ్గర చర్చల్లో ఈ ఇద్దరినీ కలిపేసి మాట్లాడటం వల్లే సగం గందరగోళం.

రోజూ పోయేవాడికి వేగం కన్నా బండ్ల సంఖ్య ముఖ్యం. రెండు గంటలకొక బుల్లెట్ ఉందనుకోండి. పని ముగిసే టైము మన చేతిలో ఉండదు కాబట్టి సగటున గంట ఎదురుచూపు. ప్రయాణంతో కలిపి 75 నిమిషాలు. పావుగంటకొక 160 బండి ఉండి, మధ్యలో రెండు మూడు చోట్ల ఆగినా ప్రయాణం అరగంట, ఎదురుచూపు ఏడెనిమిది నిమిషాలు. 38 నిమిషాల్లో పని అయిపోతుంది. విశాఖ నాన్‌స్టాప్ బస్సులకు అంత గిరాకీ ఎందుకో అక్కడ క్యూలో నిలబడ్డవాళ్లకు ఈ లెక్కలేవీ లేకుండానే తెలుసు.

ఆగే ప్రతి ఊరికీ ఆరు నిమిషాలు

ముంబై-అహ్మదాబాద్ లైనులో 12 స్టేషన్లున్నాయి. అన్నింటిలో ఆగే బండి 508 కి.మీ. దూరానికి 2 గంటల 58 నిమిషాలు తీసుకుంటుందని, మధ్యలో సూరత్, వడోదర లాంటి కొద్ది చోట్ల మాత్రమే ఆగేది 2 గంటల 7 నిమిషాల్లో చేరుతుందని ప్రణాళిక. ఏడెనిమిది చోట్ల ఆగకపోతే 51 నిమిషాలు మిగులుతున్నాయి. అంటే ఆగే ప్రతి చోటా ఆరు నిమిషాల పైమాటే.

చిన్న నగరం చిక్కంతా ఇక్కడే ఉంది. భువనేశ్వర్ నుంచి విజయవాడకు బండి పోతుంటే అది బరంపురంలో ఆగాలని అక్కడివాళ్లంటారు. పలాస, శ్రీకాకుళం, విజయనగరం, అన్నవరం, రాజమండ్రి... ఎవరి మాట తీసేస్తారు? అందరి మాటా వింటే అది బుల్లెట్ కాదు, ఖరీదైన పాసింజరు. అందుకే చాలా దేశాల్లో ఒకే లైను మీద రెండు రకాల బండ్లు నడుపుతారు: పెద్ద నగరాల్లో మాత్రమే ఆగేవి కొన్ని, అన్నిచోట్లా ఆగేవి కొన్ని. మన ఊరికి స్టేషను వచ్చిందా అనే ప్రశ్నకు జవాబు దొరికినా, రోజుకు ఎన్ని బండ్లు ఆగుతాయనే ప్రశ్న మిగిలే ఉంటుంది.

స్టేషను ఊళ్లోనా, చేలోనా?

ఫ్రాన్సులో 1990ల మొదట్లో ప్యారిస్ నుంచి ఉత్తరానికి లైను వేశారు. ఆ దారిలో రెండు ఊళ్ల కథలు చెప్పుకోదగ్గవి. ఆమియాఁ, సాఁ కాంతాఁ అనే రెండు నగరాలు మాకు స్టేషను కావాలంటే మాకు కావాలని పోటీ పడ్డాయి. చివరికి ఇద్దరికీ మధ్యస్థంగా పొలాల్లో కట్టారు. చుట్టూ చక్కెర దుంపల చేలు. జనం దానికి 'బీట్‌రూట్ స్టేషన్' అని పేరు పెట్టి నవ్వుకున్నారు. రెండు ఊళ్లకూ దూరమే, ఏ ఊరికీ పెద్దగా కలిసిరాలేదు.

రెండోది లీల్. బట్టల మిల్లులు, బొగ్గు గనులు మూతబడి దిగాలుగా ఉన్న ప్రాంతం అది. నెల్లిమర్ల జూట్ మిల్లు చుట్టూ పెరిగిన జీవితాలు తెలిసినవాళ్లకు ఆ ఊరి పరిస్థితి వేరే చెప్పక్కర్లేదు. అక్కడి మేయర్ పియెర్ మొరువా అంతకుముందు దేశ ప్రధానిగా చేసిన మనిషి. లైను ఊరి బయటనుంచి కాక ఊరి నడుమనుంచే పోవాలని పట్టుబట్టి సాధించాడు. స్టేషను పక్కనే ఆఫీసులు, షాపులు, హోటళ్లతో కొత్త పేట లేచింది. 1994లో లండన్ రైలు కూడా కలిసింది. అయితే దీన్ని రైలు మహిమగా మాత్రమే చెప్పడం సరికాదు. ఆ పేట మీద నగరం, ప్రభుత్వం వేరుగా చాలా డబ్బు పోశాయి.

మన దేశంలోనూ రెండు రకాలూ ఉన్నాయి. అదే ముంబై-అహ్మదాబాద్ లైనులో వడోదరకు స్టేషను పాత రైల్వే స్టేషన్ దగ్గరే, సూరత్‌కు మాత్రం ఊరి బయట అంత్రోలిలో.

విజయనగరం విషయానికొస్తే రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి ఇప్పటి జంక్షన్‌కే తేవడం. రాయగడ, పార్వతీపురం వైపు బండ్లు అక్కడే కలుస్తాయి, ఊరు నడిచి వెళ్లేంత దగ్గర. కానీ ఊరి మధ్య ఎత్తైన లైను వేయడానికి ఇళ్లు పోతాయి, ఖర్చు పెరుగుతుంది. రెండోది హైవే వెంబడి, భోగాపురంలో కట్టిన అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం పక్కగా తీసుకురావడం. భూమి తేలిగ్గా దొరుకుతుంది, విమానం దిగినవాళ్లు రైలెక్కుతారు. కానీ విజయనగరం టౌనువాళ్లకు స్టేషను 20 కి.మీ. పైగా దూరమై, ఆమదాలవలస కథే మళ్లీ మొదలవుతుంది.

ఇంకో మెలిక ఉంది. పాత రైలు దారి విశాఖ నుంచి సింహాచలం, పెందుర్తి, కొత్తవలస మీదుగా వస్తుంది. ఐటీ ఉద్యోగాలు ఉన్నదేమో రుషికొండ, మధురవాడ వైపు. విజయనగరంలో ఉండి మధురవాడలో పనిచేసే అమ్మాయి రోడ్డున పోతే దాదాపు 45 కి.మీ. ఎంత వేగంగా ఉన్నా రైలెక్కితే ముందు విశాఖ స్టేషన్ దాకా పోయి, అక్కడినుంచి సిటీ ట్రాఫిక్‌లో వెనక్కి రావాలి. ఆ అమ్మాయికి పాత లైను ఎంత బాగుచేసినా పనికిరాదు, భోగాపురం వైపు లైనైతే పనికొస్తుంది. స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా ప్రతిపాదించిన మెట్రోతో అది కలిస్తే ఇంకా మేలు. ఇక విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు పోయే గరివిడి రోగికి సరిగ్గా దీనికి ఎదురు.

దగ్గరైన పట్నం ఇస్తుందా, లాక్కుంటుందా?

స్పెయిన్‌లో 1992లో మాడ్రిడ్-సెవియా లైను తెరిచినప్పుడు మధ్యలో సియుదాద్ రియల్ అనే చిన్న ఊళ్లో స్టేషను వచ్చింది. జనాభా లక్షకు తక్కువ. మాడ్రిడ్ నుంచి ప్రయాణం గంట లోపుకు దిగింది. రోజూ తిరిగేవాళ్ల కోసం పాసులిచ్చి షటిల్ రైళ్లు నడిపారు. ఇక్కడ ఇల్లు పెట్టుకుని మాడ్రిడ్‌లో పనిచేసేవాళ్లు తయారయ్యారు. మాడ్రిడ్‌లో ఉంటూ ఇక్కడి యూనివర్సిటీకి వచ్చి పాఠం చెప్పి పోయేవాళ్లూ తయారయ్యారు. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ, కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ ఉన్నాయి కాబట్టి ఈ పోలిక మనకు అతుకుతుంది. విశాఖలో కాపురం, ఇక్కడ ఉద్యోగం అనే ఏర్పాటు మన టీచర్లలో, ఆఫీసర్లలో ఇప్పుడే మామూలు. దీన్ని లాభమనాలా నష్టమనాలా? జీతం ఇక్కడిది, ఖర్చు అక్కడ. కానీ ఆ వెసులుబాటే లేకపోతే కొందరు ఇక్కడి పోస్టుకు వచ్చేవాళ్లే కాదు.

జపాన్‌వాళ్లు రెండో వైపును 'స్ట్రా ప్రభావం' అంటారు. పెద్ద నగరం స్ట్రా వేసి పీల్చినట్టు చిన్న ఊరి వ్యాపారాన్ని తాగేస్తుందని. టోక్యో నుంచి పొద్దున వచ్చి సాయంత్రం పోగలిగితే కంపెనీకి ఆ ఊళ్లో బ్రాంచి ఆఫీసు ఎందుకు? పెళ్లి బట్టలకు విశాఖ అరగంట దూరమైతే విజయనగరం గంటస్తంభం చుట్టూ ఉన్న దుకాణాల సంగతేమిటి?

ఎక్కడైనా చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. వేరేచోట దొరకనిది ఉన్న ఊరికి దారి దగ్గరైతే గిరాకీ పెరుగుతుంది, ఎక్కడైనా దొరికేది అమ్మే ఊరికి తగ్గుతుంది. రథసప్తమికి అరసవల్లి, సిరిమానోత్సవానికి విజయనగరం విశాఖకు తరలిపోవు. పొందూరు ఖద్దరు నేసే చెయ్యి పొందూరులోనే ఉంటుంది. మిక్సీలు, సెల్‌ఫోన్లు అమ్మే కొట్టుకు ఆ ధీమా లేదు. నా వరకు ఈ భయం కొంత పాతబడింది: రైలు రాకుండానే ఆన్‌లైన్ షాపింగ్ ఆ స్ట్రా వేసేసింది.

ఖర్చు కన్నా వడ్డీ పెద్ద ప్రశ్న

ముంబై-అహ్మదాబాద్ లైనుకు మొదట వేసిన అంచనా 1.08 లక్షల కోట్ల రూపాయలు. ఆ తర్వాత పెరిగింది. మొదటి లెక్కే పట్టుకున్నా కిలోమీటరుకు 212 కోట్లు. ఆ లెక్కన విశాఖ-విజయనగరం 61 కి.మీ. దాదాపు 13 వేల కోట్లు.

ఈ డబ్బు 7 శాతం వడ్డీకి తెచ్చామనుకుందాం. ఏడాదికి వడ్డీ 910 కోట్లు, రోజుకు రెండున్నర కోట్లు. టికెట్ 200 పెడితే, వడ్డీ ఒక్కటే కట్టడానికి రోజుకు 1.25 లక్షల టికెట్లు తెగాలి. 2011 లెక్కల్లో విజయనగరం జనాభా దాదాపు 2.28 లక్షలు. అంటే ఊళ్లో సగానికి పైగా జనం రోజూ రైలెక్కాలి. అదే అప్పు 0.1 శాతం వడ్డీకి వస్తే? రోజుకు 1,800 టికెట్లు చాలు. ముంబై లైనుకు జపాన్ ఇచ్చిన అప్పు సరిగ్గా ఆ వడ్డీకే, 50 ఏళ్ల గడువుతో. కరెంటు, జీతాలు, అసలు వాయిదా వేరే. అయినా అక్కడ సాధ్యమైంది ఇక్కడెందుకు కాదు అనే ముందు ఆ వడ్డీ ఎవరిస్తారో అడగాలి.

160 వేగమైతే చవక అనుకునేవాళ్లకు ఒక మాట. ఢిల్లీ-మేరఠ్ మధ్య నడిచే నమో భారత్ వేగం 160. 82 కి.మీ.కు అంచనా 30 వేల కోట్ల పైమాట. కిలోమీటరుకు బుల్లెట్ కన్నా ఎక్కువ! నగరం లోపల సొరంగాలు, దగ్గరదగ్గరగా స్టేషన్లు ఉండటమే కారణం. నిజంగా చవకైన దారి ఒక్కటే: పాత లైన్నే 160కి పెంచి, గేట్లు తీసేసి, పక్కన కంచె కట్టి, దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే మెమూ రైళ్లు ఎక్కువ నడపడం. చెప్పుకోవడానికి అంత గొప్పగా ఉండదు.

భూమి సంగతి మాత్రం జనం అనుకునేంత ఉండదు. ముంబై లైనుకు 17.5 మీటర్ల వెడల్పు తీసుకున్నారు. ఆ కొలతతో 61 కి.మీ.కు దాదాపు 265 ఎకరాలు, స్టేషన్లు, డిపోలు కాకుండా. భోగాపురం విమానాశ్రయానికి 2,200 ఎకరాలు. అయితే సన్నగా పొడుగ్గా పోయే లైను వందల మంది రైతుల చేలను రెండు ముక్కలు చేస్తుంది. ఎకరాల లెక్కలో ఆ బాధ కనపడదు.

అన్నీ టికెట్లతోనే రాబట్టాలా అనే వాదన కూడా ఉంది. మన జిల్లాలోనే పాత ఉదాహరణ దొరుకుతుంది. నౌపడ నుంచి పర్లాకిమిడికి అక్కడి రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో మొదలైంది. మొదటి పదేళ్లూ నష్టమే. 1910 తర్వాత కొద్దిగా లాభం కళ్లజూసింది. తర్వాత దాన్ని గుణుపురం దాకా పొడిగించారు. ఇప్పుడది బ్రాడ్‌గేజి.

జనరల్ బోగీలో ఉన్నవాళ్ల మాట

శ్రీకాకుళం జిల్లాలో ఎక్కువమంది చేసే దూర ప్రయాణం వలస. హైదరాబాద్‌కు, చెన్నైకి కూలి పనులకు, వేట కోసం గుజరాత్ వెరావల్‌కు. వీళ్లు ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ లాంటి బండ్లలో జనరల్ బోగీ ఎక్కుతారు. బుల్లెట్ టికెట్ ఫస్ట్ ఏసీ ఛార్జీతో పోల్చదగ్గట్టు ఉంటుందని చెబుతూ వచ్చారు. ఆ బండిలో వీళ్లు ఉండరు. చిన్న నగరానికి హైస్పీడ్ లాభాలు చెప్పే లెక్కల్లో ఇది తరచుగా జారిపోయే సంగతి.

వీళ్లకు లాభం ఉంటే అది పాత లైను ఖాళీ కావడంలో ఉంది. ఇందాకటి జపాన్ కారణం మళ్లీ వచ్చింది. వేగంగా పోయేవి పక్కకు తప్పుకుంటే మిగిలిన పట్టాల మీద పలాస పాసింజరును లూప్ లైన్లో, అంటే పక్క పట్టాల మీద, నిలబెట్టే అవసరం తగ్గుతుంది. కొత్త పాసింజర్లు వేయడానికి చోటు వస్తుంది. అయితే ఖాళీ అయిన చోటును ప్రయాణికులకిస్తారా, బొగ్గు గూడ్సుకిస్తారా అన్నది రైల్వే ఇష్టం. రైల్వేకు ఆదాయం గూడ్సులోనే ఎక్కువ. ఖరగ్‌పూర్ నుంచి విజయవాడకు గూడ్సు కోసమే వేరే కారిడార్ అనే ప్రతిపాదన ఒకటుంది. అది కడితే బుల్లెట్ లేకుండానే ఈ లాభంలో చాలా భాగం వచ్చేస్తుందని కొందరి వాదన. దాన్ని కొట్టిపారేయలేం.

భద్రత సంగతీ ఇక్కడే చెప్పాలి. షింకాన్‌సెన్‌లో 1964 నుంచి రైళ్లు ఢీకొని గానీ పట్టాలు తప్పి గానీ ఒక్క ప్రయాణికుడూ చనిపోలేదు. గేట్లు లేని సొంత దారి, డ్రైవరు పొరబడ్డా బండిని తనే ఆపే ఏర్పాటు దానికి కారణాలు. అలా ఆపే ఏర్పాటును పాత లైన్ల మీద పెట్టడానికే మన దగ్గర కవచ్ తయారైంది. 2023 అక్టోబరు 29 సాయంత్రం విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర, ముందు పోతున్న పలాస పాసింజరును రాయగడ పాసింజరు వెనకనుంచి ఢీకొట్టింది. 14 మంది చనిపోయారు. ఆ మార్గంలో అప్పటికి కవచ్ లేదు.